ఒకే ఎంజైమ్, నాలుగు ఫెర్మెంటేషన్లు: పిచియా ఫైటేజ్ ప్రాజెక్టు డైరీ

పని ఇది. ఈ.కోలై ఫైటేజ్ (ఫైటేట్ నుంచి ఫాస్ఫేట్‌ని విడదీసే ఎంజైమ్) జన్యువు ఆప్-ఏ ని పిచియా పాస్టోరిస్ ఈస్ట్‌లో పెట్టి, ఎంజైమ్‌ని కణం బయటికి స్రవింపజేసి, నాలుగు పద్ధతుల్లో పెంచి పోల్చాలి: షేక్ ఫ్లాస్కు, మెథనాల్ ఫెడ్-బాచ్ (తిండిని కొద్దికొద్దిగా పోస్తూ పెంచడం), మెథనాల్-సార్బిటాల్ జంట ఫీడ్, గ్యాప్ ప్రమోటర్‌తో (ఎప్పుడూ తెరిచి ఉండే జన్యు స్విచ్) గ్లూకోజ్ ఫెడ్-బాచ్. ఈ ఈస్ట్‌కి ఇప్పుడు కొమగటేల్లా ఫాఫీ అని పేరు మార్చారు గానీ ల్యాబుల్లో అందరూ ఇంకా పిచియా అనే అంటారు. ఇక్కడా అంతే.

నిరంతర ఫెర్మెంటేషన్‌ని పక్కన పెట్టాం. వారాల తరబడి కలుషితం కాకుండా, స్ట్రెయిన్ మారిపోకుండా నడపగలిగితేనే దాని అంకెలకి అర్థం ఉంటుంది. తవుడు లాంటి ఘన పదార్థం మీద పెంచే పద్ధతీ లేదు. అది అల్లుకుపోయే బూజులకి నప్పుతుంది, ఈస్ట్‌కి కాదు.

మొదలుపెట్టే ముందే తేల్చుకోవలసింది ఒకటుంది. ‘ఎక్కువ ఎంజైమ్’ అంటే దేనికి ఎక్కువ? మిల్లీలీటరు పైతేటకా (కణాలు అడుగుకి దిగాక పైన తేరే ద్రవం), లీటరు బ్రాత్‌కా (కణాలతో సహా మొత్తం ద్రవం), ట్యాంకు గంటకా, గ్రాము కణాలకా? హారం మారితే గెలిచే పద్ధతి మారుతుంది. రన్లన్నీ అయ్యాక హారం ఎంచుకుంటే నచ్చిన పద్ధతి గెలిచే హారమే చేతికొస్తుంది. అందుకే ముందే రాసిపెట్టుకున్నాం: ప్రధాన కొలత లీటరు బ్రాత్‌కి, ట్యాంకు గంటకి ఎన్ని యూనిట్లు. మిగతావన్నీ దాని పక్కన.

1వ వారం: స్ట్రెయిన్లు

ఆతిథేయి ఎక్స్-33. ఇది మెథనాల్‌ని పూర్తి వేగంతో వాడుకునే రకం. జన్యువుని మోసే వెక్టర్లు (ప్లాస్మిడ్లు) రెండు: మెథనాల్‌తో తెరుచుకునే ఏఓఎక్స్1 ప్రమోటర్ కోసం పీపీఐసీజెడ్-ఆల్ఫా, గ్యాప్ ప్రమోటర్ కోసం పీగ్యాప్‌జెడ్-ఆల్ఫా. రెండింట్లోనూ బేకర్స్ ఈస్ట్ ఆల్ఫా-ఫ్యాక్టర్ సిగ్నలే ఉంది, కాబట్టి స్రావ మార్గం ఒకటే. జన్యువుని ఆ సిగ్నల్‌కి అతికించేటప్పుడు ఒక చిక్కు ఉంది. ఈస్ట్‌లోని కెక్స్2 ఎంజైమ్ ఆ సిగ్నల్‌ని కోసిన తర్వాత మిగిలే గ్లుటామేట్-అలనీన్ జంటల్ని ఎస్‌టీఈ13 అనే ఇంకో ఎంజైమ్ తీసేయాలి, కానీ ఉత్పత్తి ఎక్కువైనప్పుడు అది వెనకబడుతుంది. అప్పుడు ఎంజైమ్ మొదట్లో అదనపు అమైనో ఆమ్లాలు వేలాడుతూ ఉంటాయి. అందుకని కెక్స్2 కోత చోటికి ఆనించే జన్యువుని అతికించాం, ఆ జంటల్ని వదిలేశాం.

మొదటి ప్లాస్మిడ్‌ని పీఎంఈ-1 తో, రెండోదాన్ని ఏవీఆర్-2 తో (డీఎన్ఏని నిర్ణీత చోట్ల కోసే ఎంజైమ్‌లు) కోసి సరళరేఖగా మార్చాలి. ఆ చోట్లు జన్యువు లోపల కూడా లేవని ముందే సీక్వెన్స్ చూసుకోవాలి, ఉంటే కోతకి జన్యువే ముక్కలవుతుంది. 5 నుంచి 10 మైక్రోగ్రాముల డీఎన్ఏని కొద్ది నీటిలో కలిపి, 1 మోలార్ సార్బిటాల్‌తో కడిగిన కణాల్లోకి 2 మి.మీ. క్యువెట్ (విద్యుత్ షాక్ ఇచ్చే చిన్న గొట్టం) లో 1.5 కిలోవోల్టులు, 25 మైక్రోఫారడ్లు, 200 ఓములతో పంపాం. డీఎన్ఏలో ఉప్పు మిగిలితే క్యువెట్‌లో టప్‌మని మెరుపు, ఆ గొట్టం అంతటితో సరి. అందుకే లైగేషన్ మిశ్రమాన్నో రిస్ట్రిక్షన్ బఫర్‌నో నేరుగా వాడకూడదు, ఇథనాల్‌తో అవక్షేపించి, 70 శాతం ఇథనాల్‌తో కడిగి, నీటిలో కరిగించుకోవాలి.

ఎంపిక మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాముల జియోసిన్ (ప్లాస్మిడ్ చేరని కణాల్ని చంపే యాంటీబయోటిక్) ఉన్న వైపీడీఎస్ ప్లేట్ల మీద. జియోసిన్ ఉప్పు ఎక్కువైనా, పీహెచ్ బాగా తగ్గినా, వెలుగు తగిలినా బలహీనపడుతుంది. ప్లేట్లని చీకట్లో ఉంచాం. మూడో రోజుకి కాలనీలు.

తర్వాతి అడుగునే చాలామంది దాటేస్తారు. పిచియాలో ఒకే ప్లేటు మీది కాలనీల్లో ఒకదానికి జన్యువు ఒక కాపీ, ఇంకోదానికి మూడో నాలుగో కాపీలు ఉండొచ్చు. రెండు కాపీల ఏఓఎక్స్ క్లోన్‌ని ఒక కాపీ గ్యాప్ క్లోన్‌తో పోల్చి ‘మెథనాల్ గెలిచింది’ అంటే అది ఫెర్మెంటేషన్ సంగతి కాదు, కాపీల సంగతి. క్యూ-పీసీఆర్‌లో (జన్యువు కాపీల్ని లెక్కించే పరీక్ష) యాక్టిన్ జన్యువుని ఆధారంగా పెట్టుకుని, రెండు వైపులా ఒకే కాపీ ఉన్న క్లోన్లనే తీసుకున్నాం. ఎక్కువ దిగుబడి ఇచ్చే క్లోన్లని ఈ ప్రాజెక్టులో కావాలనే వదిలేశాం. గ్లిసరాల్‌లో, −80 డిగ్రీల దగ్గర, ఒక్కో క్లోన్‌కి ఇరవై వయల్స్. ప్రతి రన్ కొత్త వయల్‌తోనే మొదలవుతుంది. పాత ప్లేటు మీదినుంచి గీసి తీసుకోవడం లేదు.

2వ వారం: కొలవడమే ముందు

ఫెర్మెంటర్‌ని ముట్టుకోకముందే ఎసే (ఎంజైమ్‌ని కొలిచే పరీక్ష) దగ్గర ఆగిపోవలసి వచ్చింది. ఫైటేజ్ యూనిట్ నిర్వచనం ఇది: పీహెచ్ 5.5, 37 డిగ్రీలు, 5.1 మిల్లీమోలార్ సోడియం ఫైటేట్ నుంచి నిమిషానికి ఒక మైక్రోమోల్ ఫాస్ఫేట్‌ని విడదీసే ఎంజైమ్. అంటే కొలిచేది ఫాస్ఫేట్‌ని. ఫెర్మెంటర్‌లో వాడే బేసల్ సాల్ట్స్ మీడియంలో లీటరుకి 26.7 మి.లీ. 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది. లెక్క కడితే 0.39 మోలార్ ఫాస్ఫేట్. సముద్రంలో నీటిబొట్టు వెతకడమే.

వందరెట్లు పలచన చేసినా దాదాపు 4 మిల్లీమోలార్ మిగులుతుంది, రంగు పరీక్ష మొత్తం పసుపులో మునిగిపోతుంది. వెయ్యిరెట్లు చేస్తే 0.4 మిల్లీమోలార్. ఎంజైమ్ బాగా ఉన్న చివరి నమూనాలకి అది సరిపోతుంది, మొదటి రోజు నమూనాలకి సరిపోదు. ఇంతటితో అయిపోలేదు: ఫాస్ఫేట్ ఈ చర్యలో ఉత్పన్నం కాబట్టి ఎంజైమ్‌నే అణిచేస్తుంది. బ్లాంక్ తీసేసినంత మాత్రాన ఆ తప్పు పోదు. ఫ్లాస్కు మీడియంలో ఫాస్ఫేట్ 0.1 మోలార్, ఫెర్మెంటర్‌లో 0.39. దిద్దకపోతే ఫ్లాస్కు ఊరికే బాగా కనిపిస్తుంది.

పరిష్కారం: ప్రతి నమూనానీ జీ-25 డీసాల్టింగ్ కాలమ్ (ఉప్పుల్ని వేరుచేసే గొట్టం) గుండా 0.1 మోలార్ సోడియం అసిటేట్, పీహెచ్ 5.5 బఫర్‌లోకి మార్చడం. కాలమ్‌లో కలిగిన పలచనని గుణకంగా రాసిపెట్టాలి, ఇది మరిచిపోవడం చాలా సులువు. పలచన చేసే బఫర్‌లో 0.01 శాతం ట్వీన్-20 వేశాం. లేకపోతే బాగా పలచనైన ఎంజైమ్ ప్లాస్టిక్ గొట్టానికే అంటుకుపోతుంది, పలచన పెరిగేకొద్దీ యూనిట్లు తగ్గుతున్నట్టు కనిపిస్తుంది. ప్రతి నమూనాకీ రెండు గొట్టాలు: ఒకదానిలో సబ్‌స్ట్రేట్ వేసి చర్య జరిగాక ఆపే ద్రావణం, రెండోదానిలో ఆపే ద్రావణం ముందు, సబ్‌స్ట్రేట్ తర్వాత. రెండింటి తేడానే ఫలితం. రంగు వెనడేట్-మాలిబ్డేట్ పసుపు, 415 నానోమీటర్ల దగ్గర చదువుతాం.

సరిచూసే పద్ధతి: ఎంజైమ్ లేని తాజా బేసల్ సాల్ట్స్ మీడియంలో తెలిసిన ఫైటేజ్‌ని కలిపి, కాలమ్ దాటించి, కలిపినంతా తిరిగి వస్తోందా అని చూడటం. రానంతవరకు తర్వాతి వారం లేదు. రెండు రోజులు పట్టింది, తప్పు కాలమ్‌లో నమూనాని పరిమితికి మించి పోయడంలో ఉంది. ఎక్కువ పోస్తే ఉప్పు కూడా ఎంజైమ్ వెంటే బయటికొస్తుంది.

3వ వారం: ఫ్లాస్కులు

బీఎంజీవై అంటే 1 శాతం ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, 2 శాతం పెప్టోన్, 100 మిల్లీమోలార్ పొటాషియం ఫాస్ఫేట్ పీహెచ్ 6.0, 1.34 శాతం వైఎన్‌బీ (ఈస్ట్ నైట్రోజన్ బేస్), కొద్దిగా బయోటిన్, 1 శాతం గ్లిసరాల్. ఇందులో రాత్రంతా పెంచి, సెంట్రిఫ్యూజ్ చేసి, గ్లిసరాల్ బదులు 0.5 శాతం మెథనాల్ ఉన్న బీఎంఎంవైలో ఓడీ (మసకతనంతో కణాల సాంద్రత చెప్పే కొలత) 1 దగ్గర కలిపాం. గ్లిసరాల్ చుక్క మిగిలినా ఏఓఎక్స్1 ప్రమోటర్ తెరుచుకోదు, అందుకే ఈ మార్పిడి.

1 లీటరు బాఫుల్ (లోపల మడతలున్న) ఫ్లాస్కులో 100 మి.లీ. కి మించి పోయలేదు. ఇక్కడ సరిహద్దు గీసేది ఆక్సిజనే. ఫ్లాస్కు మూతికి రేకు చుట్టడం కాదు, గాలి పోయే రెండు పొరల గాజుగుడ్డ కట్టాలి. కానీ గాలి పోతే మెథనాలూ పోతుంది. 24 గంటలకి ఒకసారి 0.5 శాతం అని పిచియా మాన్యువల్ అంటుంది. ఉదయం, సాయంత్రం సగం సగం చొప్పున వేస్తే కణాలు ఆకలితో ఉండే సమయం తగ్గుతుంది. ఎంత ఆవిరవుతోందో తెలియాలంటే కణాలు లేని ఒక ఫ్లాస్కుని పక్కనే తిప్పి బరువు చూడాలి. నీరు కూడా ఆవిరవుతుంది, నాలుగు రోజుల్లో ఎంజైమ్ గాఢత పెరిగినట్టు కనిపించడంలో దాని వాటా ఉంటుంది. ప్రతి ఫ్లాస్కునీ రోజూ తూచి, తగ్గిన బరువుతో సరిచేశాం.

గ్యాప్ క్లోన్‌కి మెథనాల్ అక్కర్లేదు, వైపీడీలోనే ఉత్పత్తి మొదలవుతుంది. ఫ్లాస్కులో ఈ రెంటినీ పోల్చడం అన్యాయం: ఒకదానికి 2 శాతం గ్లూకోజ్ ఒకేసారి, ఇంకోదానికి మెథనాల్ చుక్కలుగా. ఆ అంకెలు రాసుకున్నాం గానీ ప్రధాన పోలికలో వాడటం లేదు. ఫ్లాస్కు చేసే పని ఒకటే, క్లోన్ పనిచేస్తోందా లేదా చెప్పడం. ఫ్లాస్కులో వరసలో ముందున్న క్లోన్ ట్యాంకులోనూ ముందుంటుందని నమ్మితే దెబ్బతింటారు.

జెల్ మీద ఒక మాట. ఆప్-ఏ చక్కెరలు లేకుండా దాదాపు 45 కిలోడాల్టన్లు. పిచియాలో చక్కెర గొలుసులు అతుక్కుని పైకి, మసకగా, పాకినట్టు కనిపిస్తుంది. చక్కెర గొలుసుల్ని తెంచే ఎండో-హెచ్ ఎంజైమ్‌తో కోస్తే ఆ మసక కుదించుకుని ఒక గీతగా మారుతుంది. అది చూడకుండా ‘పాడైపోయిన ప్రొటీన్’ అని తేల్చేయకూడదు.

4వ వారం: ట్యాంకు, బాచ్ దశ

5 లీటర్ల ఫెర్మెంటర్, మొదట 2 లీటర్ల మీడియం. ఫీడ్‌తో పెరిగే ఘనపరిమాణానికి చోటు వదలాలి. లీటరుకి ఉప్పులు: ఫాస్ఫారిక్ ఆమ్లం 26.7 మి.లీ., కాల్షియం సల్ఫేట్ 0.93 గ్రా., పొటాషియం సల్ఫేట్ 18.2, మెగ్నీషియం సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 14.9, పొటాషియం హైడ్రాక్సైడ్ 4.13, గ్లిసరాల్ 40 గ్రా.

క్రమం ముఖ్యం. మీడియంని ట్యాంకులోనే ఆమ్లంగా ఉండగానే స్టెరిలైజ్ చేయాలి. 30 డిగ్రీలకి చల్లారాక 28 శాతం అమోనియాతో పీహెచ్ 5.0 కి తేవాలి. ఆ తర్వాతే ట్రేస్ లోహాల ద్రావణం పీటీఎం1, లీటరుకి 4.35 మి.లీ. ముందే పీహెచ్ పెంచి ఆటోక్లేవ్ చేస్తే కాల్షియం, మెగ్నీషియం ఫాస్ఫేట్లు తెల్లగా విరిగిపోతాయి. పీహెచ్ 6 దాటినా ఇదే. ఆ తెల్లటి పొడి కణాలతో పాటే సెంట్రిఫ్యూజ్ గొట్టంలో అడుగుకి చేరి, కణాల బరువుగా లెక్కలోకి వస్తుంది. ఓడీని కూడా పెంచుతుంది. బరువు చూసి సంతోషపడే ముందు మైక్రోస్కోప్ కింద ఒక చుక్క చూడాలి.

పీటీఎం1 ని ఆటోక్లేవ్ చేయకూడదు, 0.2 మైక్రాన్ ఫిల్టర్ గుండా పంపాలి. అందులోని ఇనుము కరిగి ఉండటానికే లీటరుకి 5 మి.లీ. సల్ఫ్యూరిక్ ఆమ్లం వేస్తారు. అడుగున తుప్పురంగు మడ్డి కనిపిస్తే అది పారబోసి కొత్తది చేయాలి, కదిపి వాడేద్దాం అనుకోకూడదు.

డీఓ (కరిగిన ఆక్సిజన్) ప్రోబ్ 100 శాతాన్ని ఎప్పుడు పెట్టాలి? స్టెరిలైజ్ చేశాక, 30 డిగ్రీల దగ్గర, రన్‌లో వాడే గాలి, తిప్పుడు వేగాలతో, కణాలు వేయకముందు. ప్రోబ్‌కి ధ్రువణం అవసరమైన రకమైతే దాన్ని కొన్ని గంటల ముందే కరెంటుకి తగిలించి ఉంచాలి.

బాచ్ ఎంతసేపు? 40 గ్రాముల గ్లిసరాల్, గ్రాముకి అర గ్రాము పొడి కణాలు అనుకుంటే లీటరుకి 20 గ్రాములు. సీడ్ (ముందుగా పెంచి ట్యాంకులో వేసే కణాలు) నుంచి 0.3 గ్రాములతో మొదలై, గంటకి 0.2 వృద్ధిరేటుతో వెళ్తే, 20 ని 0.3 తో భాగించి సహజ లాగరిథమ్ తీసుకుంటే 4.2, దాన్ని 0.2 తో భాగిస్తే 21 గంటలు. మాన్యువల్ చెప్పే 18 నుంచి 24 గంటల మధ్యలోనే పడింది. గ్లిసరాల్ అయిపోయిన క్షణాన్ని డీఓ చెబుతుంది: అప్పటిదాకా దిగుతూ వచ్చినది ఒక్కసారిగా పైకి లేస్తుంది. అర్ధరాత్రి మూడింటికి లేవకూడదు అనుకుంటే సీడ్ వేసే వేళని ఈ లెక్కతో వెనక్కి జరుపుకోవాలి.

అమోనియా సీసాని తరాజు మీద పెట్టడం మంచి అలవాటు. పీహెచ్ సరిచేయడానికి వెళ్లేదీ, కణాలకి నత్రజని అందించేదీ అదొక్కటే. సీసా బరువు తగ్గే వేగమే పెరుగుదల వేగం. సీసా ఖాళీ అయితే పీహెచ్ మాత్రమే కాదు, నత్రజని కూడా ఆగిపోతుంది, ఆకలి వేసిన కణాలు ప్రొటియేజ్‌లు (ప్రొటీన్లని కోసే ఎంజైమ్‌లు) విడుదల చేస్తాయి.

5, 6 వారాలు: మెథనాల్ ఫెడ్-బాచ్

గ్లిసరాల్ అయిపోయాక వెంటనే మెథనాల్‌కి వెళ్లలేదు. 50 శాతం గ్లిసరాల్‌లో లీటరుకి 12 మి.లీ. పీటీఎం1 కలిపి, మొదటి ఘనపరిమాణంలో ప్రతి లీటరుకి గంటకి 18.15 మి.లీ. చొప్పున నాలుగు గంటలు. మా 2 లీటర్లకి 36.3 మి.లీ. ఫీడ్ ఆపాక డీఓ ఎగిసే వరకు ఆగి, అరగంట ఆకలిగా వదిలి, ఆ తర్వాత మెథనాల్.

నూరు శాతం మెథనాల్, అదే 12 మి.లీ. పీటీఎం1 తో. ప్రతి లీటరుకి గంటకి 3.6 మి.లీ. తో మొదలు. కణాలకి మెథనాల్‌ని అరిగించే ఆల్కహాల్ ఆక్సిడేజ్ తయారుచేసుకోవడానికి సమయం కావాలి. రెండు నుంచి నాలుగు గంటల తర్వాత 7.3, ఇంకో రెండు గంటలకి 10.9. ప్రతి పెంపు ముందూ ఒక పరీక్ష: ఫీడ్ ఆపితే డీఓ ఒక నిమిషంలోపు 10 శాతం లేవాలి. లేవకపోతే మెథనాల్ మిగిలిపోతోంది, వేగం పెంచకూడదు. మొదటి రన్‌లో 7.3 దగ్గర ఈ పరీక్ష తప్పింది, 3.6 కి దించి మూడు గంటలు ఆగి మళ్లీ ఎక్కించాం. ఆ రన్‌ని పోలిక నుంచి తీసేశాం.

చివరి వేగం దగ్గర ఆక్సిజన్ ఎంత కావాలో కాగితం మీద చూద్దాం. 10.9 మి.లీ. అంటే 8.6 గ్రాములు, అంటే 0.27 మోల్. గ్రాము మెథనాల్‌కి 0.35 గ్రాముల కణాలు వస్తాయనుకుంటే, కణాలుగా మారనిదంతా కాలడానికి లీటరుకి గంటకి దాదాపు 280 మిల్లీమోల్ ఆక్సిజన్. ఒట్టి గాలితో ఈ సైజు ట్యాంకు అంత ఇవ్వలేదు, ఆక్సిజన్ కలపాల్సిందే. ప్రతి మోల్ ఆక్సిజన్ వెంట సుమారు 460 కిలోజౌళ్ల వేడి వస్తుంది, కాబట్టి లీటరుకి 36 వాట్లు. మూడు లీటర్ల బ్రాత్‌లో వంద వాట్లకి పైనే. చల్లటి నీటి పైపు సన్నగా ఉంటే ఉష్ణోగ్రత 32 దాటుతుంది, అక్కడి నుంచి ఉత్పత్తి పడిపోతుంది.

ఇప్పుడు అసలు ఉచ్చు. డీఓ లేస్తే ఫీడ్ పెంచు, పడితే తగ్గించు అని కంట్రోలర్‌కి అప్పగిస్తే మామూలు రోజుల్లో హాయిగా నడుస్తుంది. కానీ మెథనాల్ పేరుకుని కణాలు విషానికి లోనైతే అవి ఊపిరి తీసుకోవడం తగ్గిస్తాయి. డీఓ లేస్తుంది. కంట్రోలర్ దాన్ని ఆకలి అనుకుని ఇంకా మెథనాల్ పోస్తుంది. పొద్దున వచ్చి చూస్తే డీఓ 90, ట్యాంకులో మెథనాల్ వాసన, కణాలు పోయాయి. డీఓకి కణాలు ఆకలితో ఉన్నాయా చస్తున్నాయా అన్న తేడా తెలియదు. అందుకే ఫీడ్ పంపుకి ఒక గరిష్ఠ వేగం కట్టేయాలి, గంటకి వెళ్లగల మొత్తానికి ఒక హద్దు, డీఓ 60 దాటి పది నిమిషాలు ఉంటే ఫీడ్ పూర్తిగా ఆగే అలారం. వీలైతే మిగిలిన మెథనాల్‌ని గ్యాస్ క్రొమటోగ్రఫీతో రోజుకి రెండుసార్లు చూడాలి. లీటరుకి 4 గ్రాములు దాటితే జాగ్రత్త.

పంపు ట్యూబు గురించి: ఒకే చోట రోజుల తరబడి నలిగిన ట్యూబు సాగిపోయి ప్రవాహం తగ్గుతుంది. పంపు తెర మీది అంకెని నమ్మొద్దు, మెథనాల్ సీసా బరువునే నమ్మాలి. మెథనాల్ సాంద్రత 0.79, ఈ గుణకం వేయకుండా గ్రాముల్ని మిల్లీలీటర్లుగా రాసిన లాగ్ బుక్కులు చాలానే ఉన్నాయి. బయటికి పోయే గాలితో మెథనాల్ ఎగిరిపోకుండా కండెన్సర్ బాగా చల్లగా ఉండాలి.

72 గంటలకి లీటరుకి సుమారు 750 మి.లీ., 2 లీటర్లకి లీటరున్నర మెథనాల్. దాని ఫ్లాష్ పాయింటు 11 డిగ్రీలు, అంటే గది ఉష్ణోగ్రతలోనే ఆవిరి అంటుకుంటుంది. పక్కనే ఆక్సిజన్ సిలిండర్. రోజుకి సరిపడేంతే బెంచి మీద, మిగతాది అగ్ని భద్రత ఉన్న బీరువాలో, ఎగ్జాస్ట్ నేరుగా ఫ్యూమ్ హుడ్‌లోకి.

నురగ రెండో రోజు నుంచి వస్తుంది. యాంటీఫోమ్ చుక్క చుక్కగా వేయాలి. ధారగా పోస్తే నురగతో పాటు ఆక్సిజన్ బదిలీ కూడా పడిపోతుంది, తర్వాత ఫిల్టర్ పొరలు మూసుకుపోతాయి.

మూడో రోజు పైతేట జెల్‌లో దాదాపు 74 కిలోడాల్టన్ల దగ్గర సన్నటి గీత. అది ఆల్కహాల్ ఆక్సిడేజ్, కణం లోపలి ఎంజైమ్. బయట కనిపించిందంటే కణాలు పగులుతున్నాయి, వాటితో పాటు ప్రొటియేజ్‌లూ బయటికి వస్తున్నాయి. ఫైటేజ్ తగ్గుతోందా అని చూడటానికి పైతేటని కణాలు లేకుండా 30 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి మర్నాడు మళ్లీ కొలిచాం. ఆప్-ఏ గట్టిదే, పెద్దగా తగ్గలేదు. వేరే ఎంజైమ్ అయితే పీహెచ్ దించడమో, 25 డిగ్రీలకి తేవడమో చేయాల్సి వచ్చేది.

7వ వారం: సార్బిటాల్ జంట

ఆలోచన సులువు: మెథనాల్ ప్రమోటర్‌ని తెరిచి ఉంచడానికి, సార్బిటాల్ కణాలకి తిండిగా. గ్లిసరాల్ మిగిలితే ఏఓఎక్స్1 ని మూసేస్తుంది, సార్బిటాల్ మూయదు. కాబట్టి కొంచెం ఎక్కువ పోసినా ప్రమాదం లేదు.

మెథనాల్ గంటకి లీటరుకి 3.6 మి.లీ. దగ్గరే ఆపి, రెండో పంపుతో 50 శాతం సార్బిటాల్ 4 మి.లీ., అంటే 2 గ్రాములు. ఆక్సిజన్ అవసరం 280 నుంచి 130 మిల్లీమోల్‌కి తగ్గింది లెక్కలో, నడిచినప్పుడు అదనపు ఆక్సిజన్ దాదాపు అవసరపడలేదు. వేడి కూడా సగం కన్నా తక్కువ. సార్బిటాల్ ఎందుకు ఇంతే? దాని మీద పిచియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది. మింగగలిగిన దానికన్నా ఎక్కువ పోస్తే విషం కాదు గానీ పేరుకుని బ్రాత్ చిక్కబడుతుంది, తర్వాత ఫిల్టర్ చేసేవాళ్లకి తలనొప్పి.

కణాలు తక్కువగా పెరిగాయి, 74 దగ్గర గీత ఇంకా పలచబడింది. మెథనాల్‌ని నెమ్మదిగా వాడే కేఎం71 లాంటి స్ట్రెయిన్లకి ఈ పద్ధతి ఇంకా ఎక్కువ మేలు చేస్తుంది. వాటిలో ఏఓఎక్స్1 తెగిపోయి ఏఓఎక్స్2 ఒక్కటే మిగులుతుంది, ఒట్టి మెథనాల్ మీద అవి ఈడ్చుకుంటూ పెరుగుతాయి.

8వ వారం: గ్యాప్, గ్లూకోజ్

బాచ్ దశ అంతా ముందులాగే గ్లిసరాల్‌తో. తర్వాత 50 శాతం గ్లూకోజ్, ఎక్స్‌పొనెన్షియల్ ఫీడ్ (కణాలతో పాటే రెట్లలో పెరిగే ఫీడ్). మొదటి వేగం = వృద్ధిరేటు × కణాలు ÷ (దిగుబడి × ఫీడ్ గాఢత). 0.1 × 20 ÷ (0.5 × 500) అంటే లీటరుకి గంటకి 8 మి.లీ. 14 గంటలకి అది 4 రెట్లై 32 మి.లీ. అక్కడ ఆక్సిజన్ అవసరం లీటరుకి 170 మిల్లీమోల్ దాటింది, ఇక పెంచకుండా అదే వేగంలో ఇంకో 10 గంటలు.

ఎక్స్‌పొనెన్షియల్ ఫీడ్ ఒక్కోసారి పరుగెత్తే గుర్రం లాంటిది: మొదట దిగుబడిని 10 శాతం తప్పుగా అనుకున్నా చివర్లో ఆ తప్పు పెద్దదవుతుంది. అందుకే గంటకోసారి అమోనియా వాడకంతో సరిచూశాం. పిచియా బేకర్స్ ఈస్ట్‌లా గ్లూకోజ్ కనిపించగానే ఇథనాల్ చేయదు, కానీ ఆక్సిజన్ తక్కువైతే చేస్తుంది. అందుకని ఇక్కడ డీఓ 20 కి దిగనివ్వకూడదు.

పేలే ద్రవాలు లేవు, ఫీడ్ మార్పిడి లేదు, రాత్రి అలారాలు తక్కువ. నడపడానికి హాయి అన్నది కూడా ఒక కొలతే, కాకపోతే పట్టికలో ఎక్కదు.

9వ వారం: హారం మార్చి చూస్తే

మిల్లీలీటరు పైతేటకి చూస్తే మెథనాల్ ఫెడ్-బాచ్ ముందు, జంట ఫీడ్ దాని వెనకే, గ్యాప్ మూడోది, ఫ్లాస్కు చాలా దూరం.

ఇప్పుడు కణాల చోటు తీసేద్దాం. గీతలున్న గొట్టంలో బ్రాత్‌ని తిప్పి అడుగున కూరుకున్న భాగం ఎంతో చదివితే చాలు. లీటరుకి 400 గ్రాముల తడి కణాలున్న బ్రాత్‌లో ఐదింట రెండు వంతులు కణాలే. పైతేటలో మిల్లీలీటరుకి 1000 యూనిట్లు ఉంటే లీటరు బ్రాత్‌లో పది లక్షలు కాదు, ఆరు లక్షలే. కణాలు 5 శాతమే ఉన్న ఫ్లాస్కులో ఈ కోత లెక్కలోకి రాదు. పైతేట అంకెల్ని మాత్రమే చూపే పట్టికలు ఎక్కువ కణాలున్న పద్ధతికి వాలుతాయి. ఈ కోతతో జంట ఫీడ్ మెథనాల్‌ని కాస్త దాటింది, జంట ఫీడ్‌లో కణాలు తక్కువ కదా.

తర్వాత ట్యాంకు గంటలు. మెథనాల్: బాచ్ 21, గ్లిసరాల్ 4, మెథనాల్ 72, శుభ్రం చేసి మళ్లీ సిద్ధం చేయడానికి 24, మొత్తం 121. జంట ఫీడ్‌కీ అంతే. గ్యాప్: 21, 14, 10, 24 కలిపి 69. నిష్పత్తి 1.75. అంటే లీటరుకి మెథనాల్ గ్యాప్ కన్నా 1.75 రెట్లు ఎక్కువ ఇస్తేనే సమానం. ఇవ్వలేదు. ముందే రాసిపెట్టిన కొలత ప్రకారం ఈ క్లోన్లతో, ఈ ట్యాంకులో గ్యాప్ ముందుంది, జంట ఫీడ్ రెండోది.

అయితే ఒక జాగ్రత్త. ఒకే కాపీ దగ్గర ఇది నిజం. కాపీలు పెరిగితే గ్యాప్‌లో ప్రొటీన్ మొదటి గంట నుంచే తయారవుతుంది, స్రావ మార్గం బిగుసుకుంటే కణాల పెరుగుదలే మందగిస్తుంది. మెథనాల్‌లో ముందు కణాలు పెరిగి, తర్వాత ఉత్పత్తి మొదలవుతుంది. కణాలకి భారమయ్యే ఎంజైమ్ అయితే ఇదే వరస తిరగబడొచ్చు.

ఇంకా మిగిలినవి

జంట ఫీడ్‌ని 25 డిగ్రీల దగ్గర ఒకసారి నడపాలి. మెథనాల్ దశని 72 బదులు 48 గంటలకే ఆపితే ట్యాంకు గంటల లెక్క 97 కి దిగుతుంది, 1.75 కాస్తా 1.4 అవుతుంది, మొదటి 48 గంటల్లో ఎంత శాతం ఎంజైమ్ వచ్చేసిందో ఉన్న నమూనాల నుంచే చూడొచ్చు, కొత్త రన్ అక్కర్లేదు. రెండు, నాలుగు కాపీల క్లోన్లు −80 లో సిద్ధంగా ఉన్నాయి. జియోసిన్ కొత్త సీసా రావాలి. పీటీఎం1 పాత సీసా అడుగున మడ్డి కనిపించింది, పారబోశాం.